ఆపరేషను చేసి తీసిన బిడ్డకు తెలివి తగ్గుతుందా?

రెండేళ్ళు నిండిన మనవణ్ణి చంకనేసుకుని ఒక పెద్దావిడ వచ్చింది. వెనకాల కోడలు, చేతిలో ఆస్పత్రి కాగితాల సంచీతో. పిల్లవాడికి ఇంకా మాటలు రాలేదు. "అమ్మ", "తాత" అని కూడా అనడు. కావలసినది వేలితో చూపించి గొడవ చేస్తాడు.

"కడుపు కోసి తీశారండీ. నొప్పులు పడి కన్న బిడ్డ అయితే ఈపాటికి గలగలా మాట్లాడేవాడు. నా పిల్లలు నలుగురూ ఇంట్లోనే పుట్టారు. ఏడాది తిరక్కుండానే అత్తా తాతా అన్నారు" అంది పెద్దావిడ. కోడలు తల వంచుకుని కూర్చుంది. ఈ మాట ఆ అమ్మాయి ఎన్నిసార్లు విన్నదో ఆ ముఖం చూస్తేనే తెలుస్తోంది.

పిల్లవాడు చురుగ్గానే ఉన్నాడు. నా బల్లమీది సీసా మూత తీసి, మళ్ళీ బిగించి, మళ్ళీ తీస్తున్నాడు. నేను వాడి వెనక్కి వెళ్ళి గట్టిగా చప్పట్లు కొట్టాను. తిరగలేదు. తాళం చెవుల గుత్తి ఆడించాను. తిరగలేదు. ఎదురుగా వచ్చి చెయ్యి ఊపితే మాత్రం కిలకిలా నవ్వాడు. చెవుల పరీక్షకు పంపిస్తే రెండు చెవులా వినికిడి చాలా తక్కువని తేలింది. వినపడని పిల్లవాడికి మాట ఎక్కడినుంచి వస్తుంది? ఆపరేషను మీద నెపం వేసి ఆ ఇంట్లో వాళ్ళు విలువైన ఏడాదిన్నర కాలం పోగొట్టుకున్నారు.

దీనికి సరిగ్గా ఎదురు మాట చెప్పేవాళ్ళూ ఉన్నారు. "మామూలు కాన్పులో తల నలిగిపోతుందటగా డాక్టరుగారూ, సిజేరియన్ పిల్లలకు తెలివితేటలు ఎక్కువట, అంచేత ముందే ఆపరేషను చేయించేద్దామనుకుంటున్నాం" అని అడిగే చదువుకున్న దంపతులు ఏడాదికి పదిమందైనా తగులుతారు. ఒకే ఆపరేషను ఒక ఇంట్లో తెలివి తీసేస్తోంది, పక్కింట్లో తెలివి పెంచుతోంది! రెండింటిలోనూ నిజమెంతో చూద్దాం.

ముందు ఈ ప్రశ్న మన వాళ్ళకు ఎందుకింత ముఖ్యమో చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద నూటికి 21 కాన్పులు ఆపరేషను ద్వారా జరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో అది నూటికి 42. తెలంగాణలో నూటికి 60 పైచిలుకు, దేశంలో కెల్లా ఎక్కువ. తెలంగాణలో ప్రైవేటు ఆస్పత్రుల లెక్క విడిగా తీస్తే నూటికి 81. కరీంనగర్ జిల్లాలో ప్రభుత్వ, ప్రైవేటు ఆస్పత్రులన్నీ కలిపే నూటికి 80 దాటింది. అంటే ఈ పేజీ చదువుతున్న ఇళ్ళలో చాలావాటిలో ఒక "ఆపరేషను బిడ్డ" ఉండే ఉంటాడు. ఆ బిడ్డ మార్కులు తగ్గిన ప్రతిసారీ, అల్లరి చేసిన ప్రతిసారీ తల్లి మనసులో ఈ అనుమానం ఒక్కసారైనా మెదులుతుంది.

నొప్పులు బిడ్డకేం చేస్తాయి?

పురిటి నొప్పులు తల్లికే అనుకుంటాం. అవి బిడ్డను కూడా తట్టి లేపుతాయి. గర్భసంచి బిగిసినప్పుడల్లా మాయ నుంచి వచ్చే రక్తం కాస్త తగ్గుతుంది. తల ఒత్తుకుంటుంది. ఈ ఒత్తిడికి బిడ్డ మూత్రపిండాల మీద ఉండే గ్రంథులు అడ్రినలిన్, నార్ అడ్రినలిన్ అనే రసాలను విపరీతంగా ఊరుస్తాయి. నొప్పులు పడుతున్న తల్లి రక్తంలో కన్నా పుడుతున్న బిడ్డ రక్తంలోనే అవి ఎక్కువ ఉంటాయి. స్వీడన్‌కు చెందిన లాగెర్‌క్రాంట్జ్ అనే పిల్లల డాక్టరు ఈ సంగతిని ఏళ్ళ తరబడి పరిశీలించి 1986లో విపులంగా రాశాడు.

ఆ రసాలు చేసే పని ఇది. తొమ్మిది నెలలూ ఊపిరితిత్తుల్లో నిండి ఉన్న నీటిని పీల్చేసి గాలికి చోటు చేస్తాయి. కాలేయంలో దాచుకున్న చక్కెరను బయటికి తీస్తాయి. రక్తాన్ని గుండెకూ మెదడుకూ మళ్ళిస్తాయి. బిడ్డను మెలకువగా ఉంచుతాయి. మామూలు కాన్పులో పుట్టిన పసికందు మొదటి గంటలో కళ్ళు విప్పార్చి చూస్తూ ఉండటం మీరు గమనించే ఉంటారు. ఆ మెలకువ వేళలోనే తల్లి వాసన పట్టుకోవడం, రొమ్ము వెతుక్కోవడం నేర్చుకుంటుంది.

నొప్పులు రాకుండానే రోజు నిర్ణయించి చేసిన ఆపరేషనులో ఈ రసాలు అంత ఊరవు. అంచేత కొందరు పిల్లలు పుట్టగానే ఎగఊపిరి పడతారు, ఒకటి రెండు రోజులు ఆక్సిజన్ అవసరమవుతుంది. అయితే ఒక మాట గుర్తుంచుకోండి. నొప్పులు మొదలై కొన్ని గంటలు గడిచాక, ఏదో అడ్డం వచ్చి ఆపరేషను చేస్తే, ఆ బిడ్డకు ఈ మేలు చాలావరకు దక్కే ఉంటుంది. "అన్ని నొప్పులూ పడ్డాను, చివరికి కోయనే కోశారు, పడ్డదంతా వృథా" అని బాధపడే తల్లులకు నేను ఈ సంగతే చెబుతుంటాను. వృథా కాదమ్మా, సగం పని మీ నొప్పులే చేశాయి.

తల నలిగితే మెదడు దెబ్బ తినదా అంటారా? పసిబిడ్డ పుర్రె మన పుర్రెలాగా ఒకే గట్టి చిప్ప కాదు. పలకలు పలకలుగా ఉండి, మధ్య మెత్తని సందులుంటాయి. మాడు మీద మెత్తగా కొట్టుకుంటూ కనిపించేది అలాంటి సందే. దారిలోకి వచ్చేటప్పుడు ఈ పలకలు ఒకదాని మీదికొకటి కాస్త జరుగుతాయి. తల సొరకాయలా సాగినట్టు కనబడుతుంది. కొద్ది రోజుల్లో దానంతటదే సర్దుకుంటుంది. మామూలుగా సాగిన కాన్పులో దీనివల్ల మెదడుకు హాని లేదు. సిజేరియన్ బిడ్డ తల గుండ్రంగా ఉండేది నలగలేదు గనుక. తెలివి ఎక్కువై కాదు. (పనిలో పనిగా, నలుగు పెట్టేటప్పుడు తల గుండ్రంగా రావాలని అరచేతులతో అదిమే అమ్మమ్మలకు ఒక దండం. ఆ పని మానండి.)

పరిశోధనలు ఏమన్నాయి?

అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రంలో కొందరు పరిశోధకులు పసిపిల్లల మెదళ్ళను ఎం.ఆర్.ఐ. యంత్రంతో చూసి 2019లో ఫలితాలు ప్రకటించారు. రెండు వారాల వయసులో ఆపరేషను పిల్లల మెదడులోని తెల్ల పదార్థం, అంటే ఒక భాగం నుంచి మరొక భాగానికి కబురు మోసే తీగల కట్టలు, మామూలు కాన్పు పిల్లలతో పోలిస్తే కాస్త వెనకబడి కనిపించాయి. ఈ ముక్క పత్రికల్లోకి ఎక్కింది. ఆ తర్వాతి ముక్క ఎవరూ పట్టించుకోలేదు. మూడేళ్ళు వచ్చేసరికి ఆ తేడా పోయింది. తెలివితేటల పరీక్షల్లో రెండు జట్ల మధ్యా తేడా కనబడలేదు.

ఎలుకల మీద కూడా ఇలాంటి పని జరిగింది. పుట్టిన వెంటనే మెదడులో అక్కర్లేని కణాలు రాలిపోవడంలో, పుట్టిన తీరును బట్టి తేడా ఉన్నట్టు 2018లో తేల్చారు. ఎలుక ఎలుకే, మన బిడ్డ మన బిడ్డే. దాన్ని అక్కడికి వదిలేద్దాం.

ఇక తల్లులను ఎక్కువ భయపెట్టింది ఆటిజం లెక్క. ఆటిజం అంటే తెలుసు కదా, పిల్లవాడు కళ్ళలో కళ్ళు పెట్టి చూడడు, పిలిస్తే పలకడు, తన లోకంలో తానుంటాడు. రెండు కోట్లకు పైగా కాన్పుల వివరాలను పోగుచేసిన ఒక పరిశీలన 2019లో వెలువడింది. ఆపరేషను పిల్లల్లో ఆటిజం, అతి చురుకుదనం అనే రుగ్మత కొంచెం ఎక్కువగా కనిపించాయి. ఆటిజం మామూలు కాన్పు పిల్లల్లో మూడు పాళ్ళుంటే వీరిలో నాలుగు పాళ్ళు అన్నమాట.

వినగానే గుండె ఝల్లుమంటుంది. కాని ఆగి ఆలోచించండి. వీధిలో గొడుగులు ఎక్కువ కనబడ్డ రోజునే వాన పడింది కాబట్టి గొడుగులే వానను తెచ్చాయంటామా? ఆపరేషను ఎవరికి చేస్తారు? వయసు మీరిన తల్లికి, బి.పి. ఉన్న తల్లికి, చక్కెర జబ్బు ఉన్న తల్లికి, నెలలు నిండకుండా ప్రమాదంలో పడ్డ బిడ్డకు, ఎదుగుదల సరిగా లేని బిడ్డకు. మెదడు మీద ప్రభావం చూపేవి ఈ కారణాలు కూడా కావచ్చు. మరి ఆపరేషనును వేరుచేసి చూడటం ఎలా?

స్వీడన్ వాళ్ళు ఒక మంచి ఉపాయం చేశారు. ఆ దేశంలో పుట్టిన ప్రతివాడి వివరాలూ ప్రభుత్వ దస్త్రాల్లో ఉంటాయి. 27 లక్షల మంది పిల్లల వివరాలు తీసి, ముందు అందరినీ కలిపి చూశారు. ఆపరేషను పిల్లల్లో ఆటిజం కాస్త ఎక్కువే కనిపించింది. తర్వాత ఒకే తల్లి కడుపున ఒకరు మామూలుగా, ఒకరు ఆపరేషనుతో పుట్టిన అన్నదమ్ములను, అక్కచెల్లెళ్ళను పక్కపక్కన పెట్టి చూశారు. అదే తల్లి, అదే తండ్రి, అదే ఇల్లు, అదే వంశం. అప్పుడు తేడా మాయమైంది! 2015లో వచ్చిన ఈ పరిశీలన నాకు మిగిలినవాటన్నిటికన్నా నమ్మదగినదిగా తోస్తుంది. ఆటిజం ఉన్న బిడ్డ తల్లి "ఆ రోజు ఆపరేషనుకు ఒప్పుకోకుండా ఉంటే" అని కుమిలిపోనక్కర లేదు.

ఎలా పుట్టాడన్నది కాదు, ఎప్పుడు పుట్టాడు?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇంతవరకూ చదివి పేజీ తిప్పబోయేవాళ్ళు దయచేసి ఆగండి.

మన వాళ్ళు "తొమ్మిదో నెల పడింది కదా, బిడ్డ తయారే" అనుకుంటారు. డాక్టర్ల లెక్క నెలల్లో కాదు, వారాల్లో. ఆఖరి బహిష్టు మొదటి రోజు నుంచి 40 వారాలు, అంటే 280 రోజులు నిండితే కాన్పు రోజు. 37 వారాలు నిండితే, అంటే 259 రోజులకు, నెలలు నిండిన బిడ్డ అని పాత పుస్తకాలు అన్నాయి. దాంతో 37 అయినా ఒకటే, 40 అయినా ఒకటే అన్న అభిప్రాయం డాక్టర్లలోనూ పాతుకుపోయింది. అది పొరపాటని ఇప్పుడు తెలుసు.

చివరి వారాల్లో బిడ్డ లావెక్కడం ఒక్కటే జరుగుతుందనుకోకండి. 35 వారాల బిడ్డ మెదడు తూకం, నిండు నెలల బిడ్డ మెదడు తూకంలో మూడింట రెండు వంతులే. మిగిలిన ఒక వంతు ఆ నాలుగైదు వారాల్లోనే పెరగాలి. మెదడు పైపొర మడతలు పడేదీ, కబురు మోసే తీగల మీద మైలిన్ అనే కొవ్వు తొడుగు వేగం పుంజుకునేదీ అప్పుడే. 1998లో వచ్చిన ఒక ఎం.ఆర్.ఐ. పరిశీలనలో 35 నుంచి 41 వారాల మధ్య ఈ తొడుగు వేసుకున్న పదార్థం ఐదింతలైనట్టు కనిపించింది. కరెంటు తీగకు రబ్బరు తొడుగు ఎంత అవసరమో మెదడు తీగకు మైలిన్ అంత అవసరం.

స్కాట్లండులో 4 లక్షల మందికి పైగా బడి పిల్లలను వాళ్ళ పుట్టిన వారాలతో సరిపోల్చి 2010లో ఒక లెక్క వేశారు. 40 వారాలకు పుట్టినవారితో పోలిస్తే 37 నుంచి 39 వారాల్లో పుట్టినవారికి బడిలో ప్రత్యేక సహాయం అవసరమయ్యే అవకాశం సుమారు ఆరో వంతు ఎక్కువ. ఒక్కొక్క బిడ్డను తీసుకుంటే ఇది చిన్న తేడానే. కాని అలా పుట్టేవారి సంఖ్య పెద్దది. అంచేత బడిలో వెనకబడ్డవారిలో, బాగా నెలలు తక్కువ పుట్టినవాళ్ళ పాలు కన్నా ఈ "కాస్త ముందు" పుట్టినవాళ్ళ పాలే ఎక్కువైంది. న్యూయార్కులో 1 లక్షా 28 వేల మంది మూడో తరగతి పిల్లల మార్కులు చూస్తే కూడా ఇదే ధోరణి. 37, 38 వారాలకు పుట్టినవారికి చదవడంలో, లెక్కల్లో కాస్త తక్కువ మార్కులు. వీళ్ళంతా "నెలలు నిండిన పిల్లలే" సుమా!

ఊపిరి సంగతి కూడా ఇంతే. అమెరికాలో ముందుగా రోజు నిర్ణయించి, రెండోసారి చేసిన సిజేరియన్లను పరిశీలిస్తే, 37వ వారంలో తీసిన పిల్లల్లో నూటికి 15 మందికి ఊపిరి ఇబ్బందో, రక్తంలో చక్కెర పడిపోవడమో, మరొకటో వచ్చింది. 38వ వారంలో 11 మందికి. 39వ వారంలో 8 మందికి. 2009లో ఈ లెక్క వచ్చాక, తల్లికీ బిడ్డకూ ప్రమాదం లేనప్పుడు 39 వారాలు, అంటే 273 రోజులు నిండకుండా ఆపరేషనుకు రోజు పెట్టకూడదన్న నియమం చాలా దేశాల్లో బలపడింది.

మరి మన ఊళ్ళలో ఏం జరుగుతోంది? పంచాంగం తీస్తారు. మూల వద్దు, ఆశ్లేష వద్దు, అమావాస్య వద్దు, వచ్చే నెల మూఢం. "ఈ శుక్రవారం ఉదయం 9 గంటల 12 నిముషాలకు దివ్యమైన లగ్నం ఉందండీ" అని చీటీ పట్టుకుని వస్తారు. లెక్క చూస్తే అప్పటికి 262 రోజులే. నేను జాతకాల మీద వ్యాఖ్యానం చేయబోవడం లేదు, అది నా పని కాదు. కాని ఆ లగ్నంలో పుట్టి ఐ.ఎ.ఎస్. కావాలని మీరు కోరుకునే బిడ్డ మెదడుకు, ఆ లగ్నం కోసమే మీరు 18 రోజుల ఎదుగుదల కోత పెడుతున్నారు. ముహూర్తం పెట్టుకోక తప్పదనుకుంటే, కనీసం 273 రోజుల తర్వాత పెట్టుకోండి. ఎంచుకోవడానికి అక్కడ కూడా మంచి రోజులు లేకపోవు.

ముహూర్తాల నెపమంతా ఇంట్లో వాళ్ళ మీదే వేస్తే అన్యాయం. ఆదివారం పని లేకుండా చూసుకునే డాక్టర్లూ ఉన్నారు, 12 గంటలు నొప్పుల మంచం పక్కన కూర్చునే మనిషి లేని ఆస్పత్రులూ ఉన్నాయి. కాన్పంతా తల్లి పక్కనే ఉండి చూసే నర్సులకు మిడ్‌వైఫ్ శిక్షణ ఇవ్వడం తెలంగాణలో 2017లో మొదలైంది. ఇంకా చాలామంది కావాలి. మీరు చేయగలిగినదల్లా ఆపరేషను రోజు చెప్పినప్పుడు రెండు ప్రశ్నలు అడగడం. "ఆ రోజుకు ఎన్ని వారాలు నిండుతాయి? ఇంకా ఆగితే ప్రమాదమేమిటి?" కారణం ఉన్న డాక్టరు కోప్పడకుండా చెబుతారు. బి.పి. పెరగటం, చక్కెర అదుపు తప్పటం, బిడ్డ ఎదుగుదల ఆగిపోవటం, కవలలు, మాయ కిందికి ఉండటం, ఇలాంటివి ఉంటే 39 దాకా ఆగకపోవడమే మంచిది. కడుపులో ఆకలితో ఉన్న మెదడుకన్నా బయట పాలు తాగే మెదడు నయం.

వారాల లెక్క సరిగ్గా ఉండాలంటే మొదటి మూడు నెలల్లో తీసిన స్కాను కాగితం దాచుకోండి. తొమ్మిదో నెలలో తీసిన స్కాను వారాల విషయంలో రెండు మూడు వారాలు అటూ ఇటూ చెప్పవచ్చు. ఆలస్యంగా తీసిన స్కానును నమ్మి, నెలలు నిండాయనుకుని తీసేసిన పిల్లలున్నారు.

ఆపరేషను వద్దని మొండికేస్తే?

ఇంతా చదివి "అయితే మా అమ్మాయికి ఏం జరిగినా ఆపరేషను చేయనివ్వం" అనుకుంటే నేను రాసింది తలకిందులుగా అర్థమైనట్టే. బిడ్డ మెదడుకు ఆక్సిజన్ అందకపోవడాన్ని మించిన శత్రువు లేదు. బిడ్డ అడ్డం తిరిగినా, బొడ్డు తాడు ముందు జారినా, మాయ ముందే ఊడినా, నొప్పులు గంటల తరబడి సాగి బిడ్డ గుండె చప్పుడు నెమ్మదించినా, అప్పుడు మెదడును కాపాడేది ఆ కత్తే. విలియం లిటిల్ అనే లండన్ డాక్టరు కష్టమైన కాన్పులకూ, కాళ్ళూ చేతులూ బిగుసుకుపోయిన పిల్లలకూ ఉన్న సంబంధాన్ని 1861లోనే వివరించాడు. మంత్రసాని చేతుల్లో రెండు రోజులు నొప్పులు పడ్డ మన పాత కాన్పుల్లో అలాంటి పిల్లలు ఎందరు మిగిలారో ఆ పెద్దావిడ లెక్కలోకి రారు. ఆవిడ నలుగురు పిల్లలూ క్షేమంగా పుట్టారు గనుక ఆవిడకు ఇంటి కాన్పే మంచిదనిపిస్తుంది.

అయితే లిటిల్ చెప్పినదంతా కాన్పు మీదికే నెట్టకూడదని 1897లో సిగ్మండ్ ఫ్రాయిడ్ (అవును, కలల గురించి రాసిన ఆ ఫ్రాయిడే, మొదట ఆయన నరాల డాక్టరు) అన్నాడు. చాలామందిలో లోపం కడుపులో ఉండగానే మొదలై ఉంటుందని, కాన్పు కష్టం కావడం కూడా దాని లక్షణమే కావచ్చునని ఆయన అభిప్రాయం. నూరేళ్ళ తర్వాత లెక్కలు ఆయన వైపే మొగ్గాయి. సంపన్న దేశాల్లో సిజేరియన్లు ఎన్నో రెట్లు పెరిగినా, నెలలు నిండి పుట్టినవారిలో ఆ రకం పక్షవాతం అందుకు తగ్గట్టు తగ్గలేదు. అవసరమైన ఆపరేషను మెదడును కాపాడుతుంది, అవసరం లేనివి పది చేసినా ఇంకొక మెదడును అదనంగా కాపాడవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2015లో ఇదే చెప్పింది. నూటికి ఇన్ని అన్న లెక్క కోసం కాదు, అవసరమైన ప్రతి తల్లికీ అందేలా చూడండి అని.

ఆపరేషను అయిపోయింది, ఇప్పుడేం చేయాలి?

చేయగలిగింది చాలా ఉంది. మొదటిది, బిడ్డను తల్లి దగ్గరికి చేర్చడం. సిజేరియన్ అయితే బిడ్డను గుడ్డలో చుట్టి బంధువుల చేతికిచ్చేస్తారు. వరండాలో పదిమంది చేతులు మారి, ఫోటోలు తీసుకుని, మూడు నాలుగు గంటల తర్వాత తల్లిని చేరతాడు. ఈ రోజుల్లో ఆపరేషను ఎక్కువగా వెన్నులో మత్తు ఇంజెక్షను ఇచ్చి చేస్తారు గనుక తల్లి మెలకువగానే ఉంటుంది. బల్ల మీద ఉండగానే బిడ్డను రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్ళు ఆనేలా పడుకోబెట్టవచ్చు. తల్లి పరిస్థితి బాగాలేకపోతే తండ్రి చొక్కా విప్పి ఛాతీ మీద వేసుకోవచ్చు. నవ్వకండి, దీనివల్ల బిడ్డ ఒంటి వేడి, ఊపిరి, గుండె వేగం నిలకడగా ఉంటాయి.

రెండోది ముర్రుపాలు. గంటలోపు రొమ్ము పట్టించాలి. ఆపరేషను తల్లికి పాలు పడవన్నది వట్టి మాట. కాస్త ఆలస్యం కావచ్చు, పట్టించిన కొద్దీ వస్తాయి. పక్కకు తిరిగి పడుకుని పట్టిస్తే కుట్ల మీద బరువు పడదు. ఈ లోగా తేనె నాకించడం, పంచదార నీళ్ళు పోయడం, ఆముదం పట్టడం వద్దు. తేనెలో పసిబిడ్డ నరాలను చచ్చుబరిచే విషక్రిమి ఉండవచ్చు. ఏడాది నిండేదాకా తేనె జోలికి పోవద్దు. ఆపరేషను పిల్లల పేగుల్లో మేలు చేసే సూక్ష్మజీవులు మొదట్లో తక్కువగా ఉంటాయి, తల్లిపాలు వాటిని పెంచుతాయి, నెలలు గడిచేకొద్దీ ఆ తేడా చాలావరకు తగ్గిపోతుంది.

బొడ్డు తాడు వెంటనే కోయకుండా ఒకటి నుంచి మూడు నిముషాలు ఆగితే మాయలోని రక్తం, దానితో ఇనుము బిడ్డకు దక్కుతుంది. ఆ ఇనుము మెదడుకు అవసరం. బిడ్డ క్షేమంగా ఉంటే సిజేరియన్‌లో కూడా ఇది చేయవచ్చునని ముందే డాక్టరుకు గుర్తు చేయండి.

ఇక ఎవరూ అడగనిది ఒకటుంది. బిడ్డ మడమ నుంచి రెండు చుక్కల రక్తం తీసి చేసే థైరాయిడ్ పరీక్ష. మన దేశంలో సుమారు వెయ్యి మందిలో ఒక బిడ్డకు ఈ గ్రంథి పుట్టుకతోనే పని చేయదు. చూడటానికి బిడ్డ బాగానే ఉంటాడు. రెండు మూడు వారాల్లోగా మాత్ర మొదలు పెడితే అందరిలాగే పెరుగుతాడు, నెలలు గడిచాక కనుక్కుంటే పోయిన తెలివి పూర్తిగా తిరిగిరాదు. సిజేరియన్ గురించి నూరు ప్రశ్నలు అడిగిన దంపతులు ఈ పరీక్ష గురించి ఒక్కటీ అడగరు. అలాగే మొదటి రోజునే కళ్ళు, ఒళ్ళు పచ్చబడితే "పసిరికలు, ఎండలో చూపిస్తే పోతాయి" అని ఊరుకోకండి. ఎక్కువైన కామెర్లు మెదడులో దిగుతాయి.

మత్తుమందు సంగతి చాలామంది అడుగుతారు. వెన్నులో ఇచ్చే మందు బిడ్డకు చేరేది బహు స్వల్పం. పూర్తి మత్తు ఇచ్చినా, బిడ్డను కొద్ది నిముషాల్లోనే బయటికి తీస్తారు. కాసేపు మగతగా ఉండవచ్చు. పసితనంలో గంటలోపు పూర్తి మత్తుతో వేరే ఆపరేషను చేయించుకున్న పిల్లలను ఐదేళ్ళ వయసులో పరీక్షిస్తే తెలివిలో తేడా లేదని 2019లో తేలింది.

మొదటిది ఆపరేషను అయితే రెండోదీ ఆపరేషనే అన్నది కూడా శాసనం కాదు. మొదటిసారి ఎందుకు చేశారు, కుట్టు ఎలాంటిది, ఆస్పత్రిలో రాత్రింబగళ్ళు ఆపరేషను వసతి ఉందా అన్నదాన్ని బట్టి మామూలు కాన్పుకు ప్రయత్నించవచ్చు. అందుకే మొదటి ఆస్పత్రి కాగితాలు పారేయకండి. ఎన్ని వారాలకు పుట్టాడు, పుట్టగానే ఏడ్చాడా, బరువెంత, తల చుట్టుకొలత ఎంత, ఆపరేషనుకు కారణం ఏమిటి, ఇవి అందులో ఉంటాయి. లేకపోతే డిశ్చార్జి రోజునే అడిగి రాయించుకోండి.

బిడ్డ ఎదుగుదలను మాత్రం కాన్పును బట్టి కాక కళ్ళతో చూసి కొలవండి. రెండు నెలలకు మీ ముఖం చూసి నవ్వాలి. నాలుగు నెలలకు మెడ నిలపాలి. తొమ్మిది నెలలకు ఊత లేకుండా కూర్చోవాలి, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడాలి. ఏడాదిన్నరకు నాలుగు అడుగులు వేయాలి, రెండు మూడు మాటలైనా పలకాలి. వీటిలో ఏది వెనకబడినా "ఆపరేషను బిడ్డ కదా, నెమ్మదిగా వస్తాయిలే" అనుకోకుండా పిల్లల డాక్టరుకు చూపించండి.

ఆ పిల్లవాడికి చెవి మిషన్లు పెట్టించారు, మాటలు నేర్పే టీచరు దగ్గరకు వారానికి మూడుసార్లు తీసుకువెళుతున్నారు. మొన్న వచ్చినప్పుడు తలుపు చప్పుడుకు వెనక్కి తిరిగాడు. నాయనమ్మ వాడి చెవిలో మిషను సర్దుతూ, "మా కోడలి తప్పేం లేదండీ, పాపం" అంది, నన్ను అడిగినట్టుగా.